తిరుపతిలో ఉంటూ డీ-అడిక్షన్ కౌన్సెలింగ్‌లో పీజీ: సైకాలజీనా, ఎంఎస్‌డబ్ల్యూనా?

స్వర్ణముఖి:

అందరికీ నమస్తే. ఈ ఏడాది బీఏ అయిపోయింది, అందులో సైకాలజీ ఒక సబ్జెక్టు. మందు, గంజాయి, మాత్రల అలవాటు నుంచి బయటపడాలనుకునే వాళ్లతో పనిచేసే కౌన్సెలర్ కావాలని నిర్ణయించుకున్నాను. ఇప్పట్లో తిరుపతి విడిచి పోలేను. ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేయాలా, ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేయాలా తేలడం లేదు. అమ్మాయిని కాబట్టి పద్మావతి మహిళా వర్సిటీ కూడా చూస్తున్నాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఎం.ఏ. సైకాలజీ చేసి, ఆర్నెల్ల డీ-అడిక్షన్ డిప్లొమా కలుపుకుంటే సొంతంగా బోర్డు పెట్టుకోవచ్చంటున్నారు. నిజమేనా? ఇంకోటి, ఆ రెండేళ్లలో సిలబస్ కాకుండా ఏం నేర్చుకుంటే ఈ పనికి నిజంగా పనికొస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కపిలతీర్థం:

చెల్లీ, ముందు ఆ కన్సల్టెన్సీకి డబ్బు కట్టకు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. దాని పరిధిలోకి వచ్చే చదువులను, సైకాలజీతో సహా, 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ తేల్చేసింది. అంతకుముందు చేరినవాళ్ల సంగతి వేరు. ఇప్పుడు కొత్తగా ఎవరైనా ఆన్‌లైన్ సైకాలజీ పీజీ సీటు ఇస్తామంటే, యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ ఏడాదికి ఆ కోర్సు పేరు ఉందా అని చూడు. లేకపోతే రెండేళ్లు, ఫీజు రెండూ పోయినట్టే.

ఇక సైకాలజీనా, ఎంఎస్‌డబ్ల్యూనా అన్నది. ఈ రెండూ ఒకే ఊరికి పోయే రెండు బస్సులని చాలామంది అనుకుంటారు. కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో క్లినికల్ సైకాలజిస్టు ఎవరు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరు అని విడివిడిగా రాసి ఉంది. సైకాలజీ పీజీ చేసి, దాని మీద రీహాబిలిటేషన్ కౌన్సిల్, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ శిక్షణ పూర్తిచేస్తే క్లినికల్ సైకాలజిస్టు. సోషల్ వర్క్‌లో పీజీ చేసి, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. చేస్తే సైకియాట్రిక్ సోషల్ వర్కర్. ఎంఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లు తర్వాత మనసు మార్చుకుని క్లినికల్ సైకాలజీ వైపు రాలేరు, మళ్లీ సైకాలజీ పీజీ నుంచి మొదలుపెట్టాల్సిందే. అటునుంచి ఇటూ అంతే. అందుకే అయిదేళ్ల తర్వాత ఏ రిజిస్టరులో నీ పేరు ఉండాలో ఇప్పుడే ఆలోచించుకుని దిగు.

ఎం.ఫిల్. సంగతి కూడా తెలుసుకో. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్. డిగ్రీలను ఆపేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఈ రెండింటికి మాత్రం 2025-26 అడ్మిషన్ల దాకా గడువు పెంచింది. నువ్వు పీజీ ముగించేసరికి పై కోర్సు పేరు, రూపం మారి ఉంటుంది. క్లినికల్ సైకాలజీ అయితే, చేరబోయే సంస్థకు ఆ ఏడాది ఆ కోర్సు మీద గుర్తింపు ఉందా అని ఆర్‌సీఐ జాబితాలోనే చూసుకో, కాలేజీ కరపత్రం నమ్మకు. ఆర్‌సీఐ వాళ్ల ఎం.ఫిల్.కు పీజీలో 55 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 50 శాతం అడుగుతూ వచ్చారు. మార్కులు 54 దగ్గర ఆగిపోయి గేటు బయట ఉండిపోయినవాళ్లు ఎందరో. మొదటి సెమిస్టరు నుంచే ఆ గీత మీద కన్ను వేసి ఉంచు.

పీజీతో ఆగిపోయినా పని దొరకదని కాదు. సామాజిక న్యాయ శాఖ సాయంతో నడిచే పునరావాస కేంద్రాలు, అవే ఐఆర్‌సీఏలు, ప్రభుత్వాసుపత్రుల్లోని అడిక్షన్ ట్రీట్‌మెంట్ ఫెసిలిటీలు, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో కింద నడిచే, మత్తుమందుకు బదులు డాక్టరు చూపులో వేరే మందు ఇచ్చే ఓఎస్‌టీ కేంద్రాలు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, వీటన్నిటిలో కౌన్సెలర్లు ఉంటారు. రెండు చదువుల వాళ్లూ కనిపిస్తారు. కానీ ‘క్లినికల్ సైకాలజిస్టు’ అని బోర్డు మీద రాసుకోవడానికి మాత్రం వీల్లేదు.

నా మాట అడిగితే, పరీక్షలు, అంచనాలు, ఒక్కొక్కరితో లోతైన థెరపీ ఇష్టమైతే సైకాలజీ. ఇల్లు, అప్పు, పని, పిల్లల చదువు, ఊళ్లో పరువు, ఇవన్నీ కలిసిన ముడి విప్పడం ఇష్టమైతే ఎంఎస్‌డబ్ల్యూ. తాగుడు కేసుల్లో రెండో రకం పనే ఎక్కువ.

రాష్ట్ర వర్సిటీల్లో పీజీ సీటుకు ఏపీపీజీసెట్ రాయాలి. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఏ పేపరు రాస్తే ఏ కోర్సుకు అర్హత అన్నది నోటిఫికేషన్‌లో పట్టిక ఇస్తారు. పేపరు తప్పు ఎంచుకుంటే ర్యాంకు ఎంత వచ్చినా పనికిరాదు. ఫీజు కట్టే ముందు ఆ పట్టిక రెండుసార్లు చూడు. చేరేముందు డిపార్ట్‌మెంటుకు పోయి నాలుగు ప్రశ్నలు అడుగు: ఫీల్డ్‌వర్క్ వారానికి ఎన్ని రోజులు, రుయా ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి పంపిస్తారా, డీ-అడిక్షన్ కేసులు చూడనిస్తారా, రాసిన రిపోర్టును ఎవరు దిద్దుతారు. చివరి ప్రశ్నకు జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే అక్కడ పర్యవేక్షణ లేనట్టే.

నీవా:

పైన చెప్పింది చట్టం, దారి. నేను లోపలి పని గురించి రాస్తాను. పీజీలో ఫ్రాయిడ్ నుంచి బెక్ దాకా అందరినీ చదువుతారు. ఎదురుగా ఒక మనిషి వచ్చి కూర్చుని ‘రోజుకు కొంచెమే సార్’ అంటే ఆ కొంచెం ఎంతో కొలవడం చాలామందికి రాదు. అక్కడ నుంచి మొదలుపెట్టండి.

కొలత 10 గ్రాముల ఆల్కహాల్. అది ఒక యూనిట్. మన దగ్గర విస్కీ, బ్రాందీ 42.8 శాతం ఉంటాయి కాబట్టి 30 మిల్లీలీటర్లంటే ఇంచుమించు ఒక యూనిట్. నైంటీ అంటే 3, క్వార్టర్ అంటే 6, ఫుల్ బాటిల్ 750 అంటే 25. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతందైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే 4. ‘నేను బీరే తాగుతా, మందు ముట్టను’ అనేవాళ్లు రెండు స్ట్రాంగ్ బీర్లతో క్వార్టర్ దాటేస్తారు. నాటుసారాకు ఈ లెక్క కుదరదు, ఎంత గాఢతో ఎవరికీ తెలియదు. అక్కడ డబ్బు, గ్లాసుల సంఖ్య, తాగడం ఎన్ని గంటలకు మొదలైంది అన్నవి రాసుకోండి.

ఇది ఎందుకంటే, తాగుడు ఎంత ముదిరిందో చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఆడిట్’ ప్రశ్నావళిలో మూడో ప్రశ్న ‘ఒకేసారి ఆరు లేదా అంతకన్నా ఎక్కువ డ్రింకులు ఎంత తరచుగా’ అని ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి అడిగితే ‘ఆరు పెగ్గులా, ఎప్పుడూ లేదు’ అంటారు. ‘ఒకే సిట్టింగ్‌లో క్వార్టర్, అంతకుమించి ఎన్నిసార్లు’ అని అడిగితే అదే మనిషి ‘వారానికి నాలుగు రోజులు’ అంటాడు. ఆడిట్‌లో పది ప్రశ్నలు, గరిష్ఠం 40. 8 నుంచి ప్రమాదకరమైన తాగుడు, 16 నుంచి హానికరం, 20 గానీ అంతకుమించి గానీ వస్తే బానిసత్వం ఉండొచ్చని అనుమానించి సైకియాట్రిస్టు దగ్గరికి. స్కోరు రోగనిర్ధారణ కాదు. బీడీ, సిగరెట్‌కు ఫాగర్‌స్ట్రోమ్ పరీక్ష, 0 నుంచి 10. అందులో ఒక్క ప్రశ్నే సగం చెప్పేస్తుంది: నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది వెలిగిస్తారు? అయిదు నిమిషాల్లోపే అయితే 3 మార్కులు.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే విషయం. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 8 గంటల్లో చేతులు వణకడం, చెమట, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్: లేనివి కనిపించడం, మనుషుల్ని, చోటుని గుర్తుపట్టకపోవడం, జ్వరం, గుండె దడ. వైద్యం లేకపోతే చచ్చిపోవచ్చు. కౌన్సెలర్ మందు రాయరు, కానీ ముందుగా పసిగట్టాల్సింది కౌన్సెలరే. మొదటి మాటల్లోనే మూడు అడగాలి. ఆఖరిసారి ఎప్పుడు తాగారు, గంటతో సహా. ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ గానీ మతి చెదరడం గానీ వచ్చిందా. నిద్రమాత్రలు ఏమైనా కలిపి వాడుతున్నారా. మొదటి దాంట్లో ఇంకా నాలుగు రోజులు కాలేదు, రెండో దానికి అవును అంటే ఆ రోజు కౌన్సెలింగ్ లేదు, నేరుగా ఆసుపత్రి. తాగకుండానే తూలుతూ, కళ్లు అటూ ఇటూ కదులుతూ, అయోమయంగా ఉంటే డాక్టరుకు వెంటనే చెప్పండి. అది థయమిన్, అంటే బీ1, లోపంతో వచ్చే వెర్నికీ అనే మెదడు జబ్బు కావచ్చు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఇంకా ముదిరే ప్రమాదం ఉంది.

గంజాయి ఆపితే ఫిట్స్ రావు. చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర లేకపోవడం ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై మొదటి వారంలో ఎక్కువై, రెండు వారాలకు తగ్గుతాయి. ఇది ముందే చెప్పి పెట్టకపోతే నాలుగో రోజు ‘గంజాయి లేకుంటే నాకు పిచ్చెక్కుతుంది’ అని వెనక్కి పోతారు.

మాట్లాడే పద్ధతి విషయానికొస్తే, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ బాగా నేర్చుకోండి. 1983లో విలియం మిల్లర్ మొదలుపెట్టి, తర్వాత రోల్నిక్‌తో కలిసి పెంచిన పద్ధతి. మనవాళ్లకు ఇది కష్టం, ఎందుకంటే బుద్ధి చెప్పడం మన నోటికి అలవాటు. ‘పెళ్లాం పిల్లల మొహం చూసైనా మానొచ్చు కదా’ అని కౌన్సెలర్ అన్న మరుక్షణం ఎదుటి మనిషి తాగుడు తరఫున వాదించడం మొదలుపెడతాడు. అది ఇంట్లో రోజూ విన్నదే. దాని బదులు ఇలా: ‘మానేయడం మీకు ఎంత ముఖ్యమో 0 నుంచి 10లో చెప్పండి.’ ఆయన 4 అంటాడు. ‘4 అన్నారు, మరి 1 ఎందుకు అనలేదు?’ అప్పుడు మానడానికి కారణాలు ఆయన నోటి నుంచే వస్తాయి. ‘9 ఎందుకు కాదు’ అని అడిగితే సాకులు వస్తాయి. ప్రశ్న ఒకటే, దిశ మారితే ఫలితం తిరగబడుతుంది. వయసు చిన్నదైనా ‘మీరు’ అనండి, ‘ఏంరా, ఎంత తాగినావు’ అని అందరూ అడిగిన మనిషికి ఆ ఒక్క మాటే తలుపు తీస్తుంది.

ఆత్మహత్య గురించి ప్రతి ఒక్కర్నీ అడగండి, ముఖ్యంగా ఇటీవలే ఆపినవాళ్లని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. పథకం, చేతికందే పురుగుమందు, ఇదివరకటి ప్రయత్నం, ఈ మూడూ తెలుసుకుని ఆ రోజే పర్యవేక్షకులకు చెప్పాలి.

స్వర్ణముఖి:

నీవా సార్, కపిలతీర్థం అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు అడుగుతాను. మన పక్క ఇళ్లల్లో ‘మాల వేయిస్తే మానేస్తాడు’ అంటారు, లేకపోతే కూరలో కలిపే మందు ఉందంటారు. కౌన్సెలర్ వీటికి ఏం చెప్పాలి? అలాగే ఫీల్డ్‌వర్క్‌కు దగ్గర్లో ఉన్న ప్రైవేటు సెంటరు ఏదైనా పర్వాలేదా?

పలమనేరు:

మాల గురించి ముందు. దీక్షను తక్కువ చేసి మాట్లాడొద్దమ్మా. 41 రోజులు మందు ముట్టకుండా ఉండటానికి ఊరంతా తోడు నిలబడే ఏర్పాటు అది. తోటి స్వాములుంటారు, వేళకు స్నానం, వేళకు భోజనం, పొద్దుగూకితే భజన ఉంటుంది. చికిత్సలో మనం కష్టపడి కట్టేదంతా అక్కడ తయారుగా దొరుకుతుంది. చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి మొదటి నాలుగు రోజులు. రోజుకు రెండు క్వార్టర్లు తాగే మనిషి పొద్దున్నే మాల వేసుకుంటే నీవా సార్ చెప్పిన వణుకు, ఫిట్స్ గుడిలోనే వస్తాయి, ‘స్వామి పూనాడు’ అనుకుంటారు. కాబట్టి మాలకు ముందే ఆసుపత్రిలో డాక్టరు చూపులో ఆపించి, వారం పోయాక వేసుకోమనాలి. రెండోది మాల తీసిన రోజు. ఆ రోజు ఏం చేస్తారు, ఎవరితో ఉంటారు, ఎవరు ఫోన్ చేస్తారు అన్నది 30వ రోజుకే కాగితం మీద రాయించాలి. గంగజాతర, పెళ్లిళ్లు, కూలి డబ్బు చేతికొచ్చే శనివారం, ఇవీ అంతే. మళ్లీ అలవాటులో పడకుండా చూసే మార్లాట్ పద్ధతి, రిలాప్స్ ప్రివెన్షన్‌లో ప్రమాదపు సందర్భాలు అనేది వీటినే.

ఒకసారి తాగినంత మాత్రాన అంతా పోయినట్టు కాదని కుటుంబానికి ముందే చెప్పాలి. కాలు జారడం వేరు, పడిపోవడం వేరు. ‘ఎలాగూ తాగేశాను కదా’ అనే ఆలోచనే ఒక పెగ్గును వారం రోజుల తాగుడుగా మారుస్తుంది. నల్లమందు, హెరాయిన్, నొప్పి ఇంజెక్షన్ల వాళ్లకైతే ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. కొన్నాళ్లు ఆపిన శరీరం పాత మోతాదు తట్టుకోదు, అదే మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

కూరలో కలిపే మందు. ఇందులో చాలాచోట్ల ఉండేది డైసల్ఫిరామ్. ఆ మాత్ర లోపల ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండె జబ్బు ఉంటే చనిపోవచ్చు కూడా. మాత్ర ఆపాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. ఆఖరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే, కాలేయం, గుండె చూసి, మనిషికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే డాక్టరు మొదలుపెట్టాల్సిన మందు అది. ఇష్టపడి, భార్య చేతి మీదుగా రోజూ వేసుకునేవాళ్లకు బాగా పనిచేస్తుంది. తెలియకుండా కలిపితే, విషయం బయటపడ్డ రోజున ఇంటి అన్నం మీదే నమ్మకం పోతుంది. ఇంట్లోవాళ్లు కలుపుతున్నామని చెబితే వాళ్ల మీద అరవొద్దు. వాళ్లు విసిగిపోయి ఆ పని చేశారు. ఆ రోజే ఆపించి, డాక్టరుకు చెప్పి, తర్వాత వాళ్ల బాధ వినడానికి విడిగా సమయం ఇవ్వాలి.

కపిలతీర్థం:

సెంటరు గురించి అడిగావు. ఏదైనా పర్వాలేదు అనుకోవద్దు. 2017 చట్టంలో మద్యం, మాదకద్రవ్యాలతో ముడిపడిన మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలోకే వస్తాయి. కాబట్టి అలాంటివాళ్లను ఉంచి చికిత్స చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర నమోదై ఉండాలి. సర్టిఫికెట్ చూపించమని అడుగు. రోగి ఇష్టపడి చేరాడా, లేక 89వ సెక్షన్ కింద నామినేట్ చేసిన వ్యక్తి ద్వారా చేర్చారా అన్నది ఫైలులో ఉండాలి. ఆ సెక్షన్ కింద మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు, విడివిడిగా ఇద్దరు పరీక్షించి ఉండాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు. ‘రాత్రి బండి పంపి ఎత్తుకొస్తాం’ అని చెప్పే చోటికి పోవద్దు. గొలుసు వేయడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. అలాంటిది కంటపడితే తేదీ, సమయం రాసి నీ ఫీల్డ్‌వర్క్ గైడుకు రాతపూర్వకంగా ఇచ్చి బయటికి రా.

గోప్యత అదే చట్టంలో 23వ సెక్షన్. వాట్సాప్‌లో కేసు వివరాలు పంపడం, ప్రాజెక్టు రిపోర్టులో ఊరు, వీధి రాయడం విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు. చిత్తూరు జిల్లాలో ఒక చిన్న ఊరి పేరు, వృత్తి, వయసు రాస్తే పేరు రాసినట్టే. మినహాయింపు ఒకటి ముందే చెప్పాలి: పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. గంజాయి వాడే కాలేజీ పిల్లలు ‘చెబితే కేసు పెడతారా’ అని భయపడతారు. వాడకం లేదా తక్కువ పరిమాణం కేసు ఎదుర్కొంటూ ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అది కూడా చెప్పాలి.

నగరి:

ఒక్క మాట కలుపుతాను. తమిళం మాట్లాడటం నేర్చుకోండి. నగరి, సత్యవేడు, కుప్పం నుంచి వచ్చేవాళ్లలో చాలామంది మామూలు మాటలు తెలుగులో, బాధ మాత్రం తమిళంలో చెబుతారు.

సెలవుల్లో బయటికి పోగలిగితే చెన్నైలో టీటీకే ఆసుపత్రి ఉంది. శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టారు, డీ-అడిక్షన్ కౌన్సెలర్లకు శిక్షణ ఇస్తారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో అడిక్షన్ మెడిసిన్ సెంటరు ఉంది. చిత్తూరు నుంచైతే వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రం దగ్గర, రోగితో పాటు కుటుంబం కూడా ఉండి చికిత్సలో పాల్గొనే పద్ధతి అక్కడ చూడొచ్చు. అడ్మిషన్ రాగానే డిపార్ట్‌మెంట్ హెడ్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, మీ మార్కుల జాబితా, గైడ్ పేరు పెట్టి ముందుగా దరఖాస్తు పంపండి. మే నెల కోసం మేలో అడిగితే చోటు ఉండదు, డిసెంబరులో అడగండి.